దిగమని నేనే అన్నాను

2022 వానాకాలం. గోదావరి ఒడ్డు ఊళ్ళలోకి వరద వచ్చి, తీసి, పదిహేను రోజులైంది. అప్పటికి నేను గోదావరిఖనిలో ఒక అండర్‌గ్రౌండ్ గనిలో మైనింగ్ సర్దార్‌గా పంతొమ్మిదేళ్ళు పనిచేసి ఉన్నాను. ఈ ఉద్యోగం సంగతి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు కాబట్టి ముందు అది చెబుతాను.

షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ తన డిస్ట్రిక్ట్ అంతా, అంటే గనిలో తనకు అప్పగించిన భాగమంతా, తిరిగి చూడాలి. పైకప్పు గట్టిగా ఉందా, గాలి ఆడుతోందా, గ్యాస్ ఉందా. గ్యాస్ అంటే మండేది ఒక్కటే కాదు. గాలి ఆడని చోట ఆక్సిజన్ తగ్గిపోయి చెడుగాలి పేరుకుంటుంది. దాన్ని బ్లాక్‌డ్యాంప్ అంటాం. బరువైనది, నేలబారుగా పడి ఉంటుంది. రంగుండదు, వాసన తెలియదు. పనికోసం వంగినవాడు వంగినట్టే పడిపోతాడు. అన్నీ చూసి, బాగుంటే సుద్దముక్కతో గోడ మీద తేదీ వేసి సంతకం పెడతాను. అందాకా కార్మికులు ఇవతలే కూర్చుంటారు. "పోవాల్నా సర్దారు?" అని ఒకరు అడుగుతారు. "పో" అంటే పోతారు. గ్యాస్ చూశావా అని ఎవరూ అడగరు. పో అన్నానంటే చూసినట్టే.

ఈ అలవాటే ఒక మనిషిని చంపింది.

మా కాలనీ చర్చి నుంచి ఏడుగురం వరద ఊళ్ళకు సేవకు పోయేవాళ్ళం. అందరం గని మనుషులమే, సగం మంది రిటైరైనవాళ్ళు. మంచినీళ్ళ బావుల్లోకి వరదనీళ్ళు దూరి చెత్త, చచ్చిన కోళ్ళు, ఒండ్రు నిండిపోయాయి. మోటరు పెట్టి నీళ్ళు తోడి, మనిషి దిగి ఒండ్రు ఎత్తి, బ్లీచింగ్ వెయ్యాలి. మాలో అందరికన్నా ముందుండేవాడు దేవదాసన్న. గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే టింబర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. అందులో పదకొండేళ్ళు నా డిస్ట్రిక్ట్‌లోనే. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, అయినా నన్ను సర్దారు అనే పిలిచేవాడు.

ఆ రోజు పొద్దున పాస్టరుగారు కూడా మాతో వచ్చారు. బావి చుట్టూ నిలబడి చేతులు పట్టుకున్నాం. "ప్రమాదకరమైన స్థలములలో నీ నామమున సేవ చేయుచున్న ఈ బిడ్డలను కాపాడుము తండ్రీ, వారి అడుగులు జారనియ్యకుము" అని చాలాసేపు ప్రార్థించారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మనసు తేలికైంది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. ఆ తేలికతనమే నన్ను ముంచింది.

ఆమేన్ అన్నాక దేవదాసన్న లుంగీ ఎగ్గట్టి, నడుముకు తాడు కట్టుకుని, గట్టు మీద కాలు పెట్టి నా వైపు తిరిగాడు.

"దిగాల్నా సర్దారు?"

"దిగన్నా," అన్నాను.

అంతే. ఆయన అలవాటుగా అడిగాడు, నేను అలవాటుగా అన్నాను. పంతొమ్మిదేళ్ళలో చూడకుండా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఇది గని కాదు కదా, డ్యూటీ కాదు కదా, చర్చి పని కదా అనుకున్నానేమో. అది కూడా అనుకోలేదు. అసలేమీ అనుకోలేదు. ఊళ్ళో ఏ ఇంట్లో నుంచో ఒక కందిలి తెప్పించి, తాడు కట్టి లోపలికి దించితే రెండు నిమిషాల పని. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. గనిలో మొదటి వారం నేర్పే పాఠం ఇది.

అడుగుకు దిగి, పార ఆడడానికి అడ్డొస్తోందని ఆయన నడుము తాడు విప్పేశాడు. రెండు తట్టలు పైకొచ్చాయి. మూడో తట్టకు వంగి, "తల తిరుగుతుందిరా" అన్నాడు. ఆ మాట మాకందరికీ వినిపించింది. తర్వాత బోర్లా పడ్డాడు.

సైమన్ అని మా జట్టువాడే, హాలేజ్ ఆపరేటర్, బొగ్గు టబ్బులు లాగే యంత్రం నడిపేవాడు. "అన్నా!" అని కేకేసి దూకబోయాడు. నడుము పట్టి వెనక్కి గుంజి చెంప మీద కొట్టాను. "నువ్వు దిగితే ఇద్దరు సస్తరు!" అని అరిచాను. నాలోని సర్దార్ అప్పుడు నిద్ర లేచాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. కందిలి దింపితే సగం దూరంలోనే ఆరిపోయింది. ఫైర్ వాళ్ళు గాలి సిలిండర్లు తగిలించుకుని వచ్చేవరకు పైనుంచి ఆయన వీపు చూస్తూ నిలబడ్డాం. కింద ఉన్నది మా మనిషి, మేం దిగలేం. అలాంటి నిలబడడం పగవాడికి కూడా వద్దు. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు.

నా అసలు కోపం ఆ తర్వాత మొదలైంది. మూడో రోజుకల్లా చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. పువ్వుల మధ్య దేవదాసన్న ఫోటో, కింద 'సేవలో ప్రాణమర్పించిన హతసాక్షి' అని. హతసాక్షి అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు. ఎవరి చేతిలో ప్రాణమర్పించాడు? ఆయన ప్రాణం అర్పించలేదు, మేం పోగొట్టాం. అయినా అందరూ ఎంత ధన్యమైన చావు అన్నారు. ధన్యమైతే వాళ్ళను కోరుకోమనండి! ఆయన భార్య మార్త వదినె ఆ ఫ్లెక్సీ కింద నుంచి తల వంచుకుని నడిచి వెళ్ళడం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

నెల తిరిగాక ఒక ఆదివారం పాస్టరుగారు, ఇంకో ఊరి నుంచి బావి కోసం పిలుపొచ్చింది, జట్టు బుధవారం బయల్దేరుతుంది, వాళ్ళకోసం ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

"పాస్టరుగారూ, నాదొక మాట."

"ప్రార్థన అయినంక చెప్పు ప్రకాశం."

"పోయినసారి ప్రార్థన అయినంకనే గదా దేవదాసన్న సచ్చింది!"

చర్చి అంతా గుసగుసలు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ముందు వరుసలోని ఒక సంఘ పెద్ద వెనక్కి తిరిగి, "ఏం మాటలు గవి? దేవుని చిత్తానికి ఎవలేం జేస్తరు?" అన్నాడు.

"దేవుని మీదికి తొయ్యకు కాకా. దిగాల్నా అని అన్న నన్నడిగిండు. దిగు అన్నది నేను, దేవుడు కాదు. గ్యాస్ సూడాల్సినోణ్ణి నేను. సూడలే. గీ ఏడుగురిల ఒక్కడన్న సూసినవా అని అడగలే. ప్రార్థన చేసినం, సర్దారున్నడు, ఇంకేం ఫికరని అందరం ఊకున్నం. మళ్ళ గట్లనే పంపుతరా?"

నెల రోజులుగా లోపల పెట్టుకున్నది కక్కేశాను. తిడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. పాస్టరుగారు దిగివచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, ఈ సహోదరుని దుఃఖమును ఆదరించుమని ప్రార్థన మొదలుపెట్టారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. "నీ తప్పేం లేదు బిడ్డా" అని సంఘ పెద్దే వీపు నిమిరాడు. నేను తప్పు చెప్పుకుంటే వాళ్ళు దాన్ని దుఃఖం కింద జమకట్టి నన్ను ఓదార్చారు! ఆ చెయ్యి విదిలించుకుని బయటికొచ్చేశాను. మార్త వదినె మాత్రం నేల చూస్తూ కూర్చుంది.

బుధవారం నేనూ బయల్దేరాను. ఎరిగిన కాంట్రాక్టరు దగ్గర మల్టీ గ్యాస్ డిటెక్టర్ అడిగి తెచ్చుకున్నాను. చేతిలో ఇమిడే మీటరది, ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. బండి దగ్గర చూస్తే మార్త వదినె ముందే ఎక్కి కూర్చుంది. ఎందుకొచ్చావని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఆ ఊళ్ళో బావి గట్టు దగ్గర పాస్టరుగారు బైబిలు చేతిలో పట్టుకుని నా వైపు చూశారు. "ముందు నువ్వు సూడు ప్రకాశం" అన్నారు. ఆ మాట ఆయనకు తేలిగ్గా రాలేదు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. మీటరుకు తాడు కట్టి దించాను. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటి ఉంటుంది. పంతొమ్మిదికి తగ్గితే గనిలో మనిషిని పంపం. అడుగుకు చేరేలోపే మీటరు కూయడం మొదలుపెట్టింది. పైకి లాగి చూస్తే, మీటరు గుర్తుపెట్టుకున్న అతి తక్కువ అంకె పద్నాలుగు.

"దిగొద్దు," అన్నాను. "రేపు బ్లోయర్ తెచ్చి గాలి కొట్టినంక సూద్దాం. ఇయ్యాల ఎవలు దిగొద్దు."

ఊరివాళ్ళకు కోపమొచ్చింది, రాదా మరి? నీళ్ళకోసం నెలన్నరగా ట్యాంకరు చుట్టూ తిరుగుతున్నారు. "గింత దానికి గింతమంది వచ్చిండ్రా? భయమైతే ఇంట్ల కూసోవాలె," అని ఒకాయన అన్నాడు. మావాళ్ళు తలలు దించుకున్నారు. అప్పుడు మార్త వదినె బండి దిగి బావి దగ్గరకొచ్చింది. మీటరు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది.

"దిగొద్దు. గంతే గదా? గా ఒక్క మాట. గది ఆ రోజు నీ నోట్లె లేదా ప్రకాశం? మా ఆయన అడిగిండు గదా నిన్ను! అడిగిండా లేదా?"

"అడిగిండు వదినె."

"మరి?"

ఓదార్పులన్నీ తిరస్కరించి నేను ఎదురుచూసింది ఈ ప్రశ్నకోసమేనని అప్పుడు తెలిసింది. ప్రమాదంలోకి వెళ్ళేవాళ్ళకోసం ప్రార్థించడం తప్పు కాదు, నేనిప్పటికీ ప్రార్థిస్తాను. అయితే ఆమేన్ తర్వాత వాళ్ళలో ఒకడు మన వైపు తిరిగి, పోవాల్నా అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పే పని దేవుడిది కాదు, మనది. చూడనివాడు నోరు తెరవకూడదు.

వదినె కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ పైకే లెక్కపెట్టింది. వచ్చినంతమందిమీ ఉన్నామని లెక్క సరిపోయాక, "నడువుండ్రి, బండెక్కుండ్రి," అంది.