వాసన చూసే మనిషి

గల్ఫ్‌లో ఫుజైరా పక్కనున్న కల్బాలో వెంకటరాజును ఎరిగిన ఇళ్ళు చాలా ఉన్నాయి. రమీజ్ నడిపే గ్యాస్ దుకాణంలో అతను ఫిట్టర్. కొత్త పొయ్యి కొన్నవాళ్ళకి, ఇల్లు మారినవాళ్ళకి, గొట్టం పాతబడిన హోటళ్ళకి అతనే వెళ్ళి కనెక్షన్ ఇచ్చేవాడు. మలికిపురం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, మొదట సిలిండర్లు మోసి, ఆ తర్వాత పని నేర్చుకున్నాడు. గొట్టాన్ని మెలిపడనిచ్చేవాడు కాదు. క్లిప్పు బిగించాక గట్టిగా లాగి చూసేవాడు. ప్రతి అతుకు మీదా సబ్బునురగ రాసి, బుడగ లేస్తుందేమోనని కళ్ళు దగ్గరపెట్టి చూసేవాడు. చివరగా కిటికీలు మూసి, వంటగదిలో నిలబడి గాలి పీల్చేవాడు.

తనకి కరోనా వచ్చి తగ్గాక ఆ చివరి పని అతని చేతిలో లేకుండా పోయింది. ఒకరోజు గదిలో ఎవరో ఎండుచేపలు వేయిస్తుంటే, మిగతావాళ్ళు తలుపు తీయండ్రా బాబూ అని అరుస్తున్నారు. వెంకటరాజుకి ఏమీ తెలియలేదు. మెల్లగా అదే వస్తుందన్నారు. నిమ్మకాయ, ఫినాయిల్, పెట్రోలు డబ్బా, అన్నిటి దగ్గరా ముక్కు పెట్టి చూశాడు. రాలేదు.

దుకాణానికి ఒక ప్రెషర్ గేజ్ కొనమని రమీజ్‌ని అడిగాడు. గేజ్ బిగించి చూస్తే, గ్యాస్ ఎక్కడ పోతున్నా ముల్లు పడిపోతుంది. గేజ్‌కి డబ్బు పొయ్యాలి, ముక్కు దేవుడు ఊరికే ఇచ్చాడని రమీజ్ నవ్వాడు.

"గేజ్ కో పైసా లగ్తా హై, రాజూ భాయ్. నాక్ తో అల్లా నే ఫ్రీ మే దీ హై."

వెంకటరాజు కూడా నవ్వాడు. అసలు సంగతి చెప్పలేదు. ముక్కు పనిచేయని ఫిట్టర్‌ని ఏ దుకాణం ఉంచుకుంటుంది?

అతనికి వేరే దారి దొరికింది. పని పూర్తయ్యాక ఆ ఇంటావిడని పిలిచేవాడు. "పొద్దున్నుంచీ గ్యాస్ దగ్గరే ఉండి నా ముక్కు మొద్దుబారిపోయిందండి. మీరొకసారి వాసన చూడండి." వాళ్ళకది నచ్చేది. మీవాడు ఎంత జాగ్రత్త మనిషి అని రమీజ్‌కి ఫోన్ చేసి చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

రెండు వేల ఇరవై ఒకటి వేసవిలో వైదేహి ఇంటికి వెళ్ళాడు. ఆమె స్కూలు టీచరు, కరీంనగర్ ఆమె. భర్తకి ఫుజైరా ఓడరేవులో ఆఫీసు ఉద్యోగం. కింద ఓవెన్ ఉన్న పాత పొయ్యి ఒకటి వంటగదిలో దింపి ఉంది.

"పక్కింటోళ్ళు ఇండియా పోతూ పోతూ నాకు అంటగట్టిన్రు," అంది వైదేహి. "మంచిగ చూడండి. కేకు చేస్తనని పిల్లలకు చెప్పిన."

"కేకు అమ్మగారు చేస్తారండి. గిన్నెలు నేను తోముతానండి," అంది సింకు దగ్గర నిలబడ్డ పనిమనిషి అచ్చాయమ్మ.

"చూసిన్రా ఈమె నోరు!" అని నవ్వి, వైదేహి ఆన్‌లైన్ క్లాసుకి పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"మీదెక్కడ బాబూ?" అంది అచ్చాయమ్మ.

"మలికిపురం దగ్గరండి, పిన్నిగారూ."

"ఆయ్, అయితే మనోడివే! మాది సఖినేటిపల్లి."

అతను గోడ బయట సిలిండర్ నిలబెట్టి, కొత్త రెగ్యులేటర్ పెట్టి, గొట్టం బిగించాడు. అతుకులన్నిటికీ నురగ రాశాడు. ఒక్క బుడగ కూడా లేవలేదు. కిటికీ మూసి, "పిన్నిగారూ, ఇలా వచ్చి ఒకసారి వాసన చూడండి," అన్నాడు.

అచ్చాయమ్మ చేతులు తుడుచుకుని, మాస్కు కిందికి లాగి, ఓవెన్ తలుపు దాకా వంగి గాలి పీల్చింది. "ఏమీ లేదు బాబూ. శుభ్రంగా ఉంది."

"బాగా చూశారా?"

"చూశానంటే చూశానయ్యా. రొయ్యల చెరువు గట్టు మీద పెరిగినోడివి, నువ్వా నాకు వాసన నేర్పేది?"

అతను సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం టీకి అచ్చాయమ్మ పొయ్యి వెలిగించింది. ఓవెన్ నోట్లోంచి మంట ఎగదన్నింది. ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

కబురు తెలిసి రమీజ్, వెంకటరాజు కలిసి వచ్చారు. బయటి అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఓవెన్ నాబ్ మూసే ఉంచి, లోపల గ్యాస్ వచ్చే రంధ్రం మీద వెంకటరాజు నురగ పెట్టాడు. బుడగ నెమ్మదిగా ఉబ్బింది. లోపలి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. గ్యాస్ బరువు, కిందికి దిగుతుంది. మధ్యాహ్నమంతా ఓవెన్‌లో నిండి ఉంటుంది. అతుకులకి రాసిన సబ్బు దాన్ని పట్టుకోలేదు. ఓవెన్ తలుపు దగ్గర వంగిన ఏ ముక్కయినా పట్టుకునేది.

"నాబ్ చూసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన! తిప్పి మరిచిపోయింది," అంటోంది వైదేహి.

"ఫిటింగ్ ఓకే హై మేడమ్. నాబ్ హీ ఖులా రహా హోగా," అని రమీజ్ కూడా తప్పు తెరిచి ఉన్న నాబ్ మీదికే తోశాడు, బుడగ వైపు చూడకుండా.

వెంకటరాజు చేతిగుడ్డతో నురగ తుడిచేశాడు.

కొన్నాళ్ళకి ఆస్పత్రి బయట బెంచీ మీద, కట్టు మార్పించుకుని కూర్చున్న అచ్చాయమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఆరోజు మీకు వాసన రాలేదా, పిన్నిగారూ?"

ఆమె చుట్టూ చూసింది. "కరోనా వచ్చినకాణ్ణించీ నాకు ఏ వాసనా రాదు బాబూ. అమ్మగారికి తెలీదు. కూర మాడేది కూడా రంగు చూసి కనిపెడుతున్నాను. నువ్వు ఫిట్టరువి, ఈపాటికి చూసే ఉంటావు, నన్ను ఊరికే అడుగుతున్నావనుకున్నాను."

"నాకూ రాదండి."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుకి చేతులు కదిలి, పళ్ళ బిగువున ఓర్చుకుంది. "అయితే మనిద్దరికీ కలిపి ఒక్క ముక్కు కూడా లేదన్నమాట."

వైదేహి ఆమెను ఇండియా పంపించేస్తానంటోంది, టికెట్టు కూడా తీసింది. నాబ్ తిప్పలేదని ఒట్టు పెట్టినా వినడం లేదు.

"నేను చెప్తానండి. లోపం పొయ్యిలో ఉందని, కనిపెట్టలేకపోయింది నేనని."

"నీ సంగతి నీ ఇష్టం. నా సంగతి మాత్రం ఎత్తకు బాబూ. పరాకు మనిషని పేరొస్తే ఇంకో ఇంటోళ్ళయినా పెట్టుకుంటారు. వాసన తెలీదంటే ఏ వంటింట్లోకీ రానివ్వరు."

అతను వైదేహి ఇంటికి వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు. నాబ్ మూసే ఉందని చెప్పాడు. తనకి వాసన రాదని కూడా చెప్పాడు.

"వాసన రాకుండ గ్యాస్ పని చేస్తున్నరా?" వైదేహి మొహం ఎర్రబడింది. "ఇంట్ల పిల్లలున్నరు."

"తప్పేనండి. ఆవిడ తప్పు మాత్రం లేదండి."

ఆమె కాసేపటికి తగ్గింది. కుర్చీలో కూర్చుని, "అయ్యో, ఊకెనే ఆమెను అన్ని మాటలన్న," అంది. చెడ్డ మనిషి కాదు. పంపించనని ఆ నోటితోనే అనబోతున్నట్టు అతనికి అనిపించింది. అప్పుడామె తలెత్తింది.

"మరి మధ్యాహ్నమంత ఆమె ఆ వంటింట్లనే ఉన్నది కద? ఆమెకెందుకు రాలే వాసన?"

చిమ్నీ ఫ్యాన్ తిరుగుతోందని చెప్పచ్చు. గ్యాస్ నేలబారున ఉండిపోయిందని చెప్పచ్చు. అవన్నీ అతనికి గేటు దాటాక తోచాయి. ఆ నిమిషాన నేల వైపు చూశాడు.

"ఆమెకు గూడ..." అని వైదేహి ఆగిపోయింది. "పిల్లల పాలు విరిగినయా లేవా అని చూసేది ఆమెనే."

అచ్చాయమ్మ టికెట్టు మారలేదు. వైదేహి మందులు కొనిచ్చింది, సూట్‌కేసు తనే సర్దింది. ఎందుకు పంపిస్తున్నదీ, అడిగిన తెలుగు ఇళ్ళవాళ్ళకి దాచకుండా చెప్పింది. ఆ మాట దుకాణానికీ చేరి, రమీజ్ వెంకటరాజుని మళ్ళీ సిలిండర్ల బండి మీద వేశాడు.

"నౌక్రీ బచ్ గయీ, శుక్ర్ కరో," అన్నాడు, ఉద్యోగం మిగిలినందుకే దేవుడికి దండం పెట్టుకోమని.

అచ్చాయమ్మ వెళ్ళేముందు ఎవరిచేతో ఫోన్ కలిపించుకుంది.

"చెప్పేశావా బాబూ?"

"నేను చెప్పలేదండి, పిన్నిగారూ. ఆవిడ అడిగితే అబద్ధం ఆడలేకపోయాను."

"అదేనయ్యా చెప్పడమంటే. నేను ఏడాది ఆడాను. నువ్వు ఒక్క ముక్క ఆడలేకపోయావు."

గొంతులో కోపం లేదు. ఫోన్ పట్టుకున్న మనిషి తొందరపెడుతోంది కాబోలు, ఉంటానని చెప్పి పెట్టేసింది.