పెన్సిల్‌తో రాసిన పేరు

ఆదిలాబాద్‌లో మా చర్చికి వచ్చే కుటుంబాల మధ్య ఒక కొయ్య సిలువ ఇంటింటికీ తిరుగుతుంది. ఒక్కో ఇంట్లో వారం ఉంటుంది. "మన పిల్లల్లకెల్లి ఫాదర్లు, సిస్టర్లు కావాలంటే ముందుగాల మనం అడగాలె గదా" అని ఫాదర్ పెట్టిన పద్ధతి ఇది. సిలువతో పాటు ఒక నోట్‌బుక్కు కూడా వస్తుంది. రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ జపమాల చెప్పి, చర్చిలోని ఒక బిడ్డకు దేవుని పిలుపు అందాలని ప్రార్థించాలి. శనివారం ఆ బిడ్డ పేరు నోట్‌బుక్కులో రాసి, సిలువను పక్కింటికి అప్పగించాలి.

మొన్నొక శనివారం సిలువ మా ఇంటికి వచ్చింది. దీపం కూడా వెలిగించకుండానే నేను నోట్‌బుక్కు తిరగేశాను. ఆటో నడిపే ఆయన ఇంట్లో ఉపదేశి గారి కొడుకు పేరు రాశారు. ఉపదేశి గారింట్లో ఆటో ఆయన కూతురి పేరు రాశారు. ఏ ఇంటివాళ్లూ తమ పిల్లల పేరు రాసుకోలేదు. నాలుగిళ్ల వాళ్లు మాత్రం కూడబలుక్కున్నట్టు ఒకే పేరు రాశారు. అది మా అమ్మాయి పేరు.

తొమ్మిదేళ్ల పిల్ల. చర్చిలో ముందు నిలబడి పాడుతుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. బడి ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి వణికే మనిషిని నేను. ఆ నాలుగు పేజీలూ అత్తమ్మకు చదివి వినిపించాను.

"వాళ్లకు పిల్లలు లేరా? మన పిల్లనే దొరికిందా?" అంది అత్తమ్మ. "నువ్వు పక్కింటి పిలగాని పేరు రాయి. పూజల గంట మంచిగ కొడ్తడు."

నవ్వొచ్చింది కానీ, నేను అనుకున్న పేరూ అదే.

అక్కడే నాకు సిగ్గేసింది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు సత్యోపదేశం క్లాసు చెప్పేది నేనే. "మీలో ఎవరైనా ఫాదర్ కావచ్చు, సిస్టర్ కావచ్చు, భయపడకుండా ఆలోచించండి" అని ఎన్నిసార్లు చెప్పానో. మా అమ్మాయి మూడో వరసలో కూర్చుంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు మూడో వరస వైపు నేను ఒక్కసారీ చూడలేదు.

దానికి మాత్రం సంబరమే. "నాలుగిళ్లోళ్లు రాసిండ్రా! క్లాసుల నాకే ఎక్కువ!" అని ఎగిరింది. మా ఆయన "ఎలక్షన్ల గెల్చినట్టు చేస్తున్నవేందే" అని దాని జడ లాగాడు.

గురువారం జైనూర్ దిక్కునుంచి ఒక సిస్టర్ వచ్చింది. గూడేల్లో మందులిచ్చే సిస్టర్. మందులు కొనడానికి పట్నం వచ్చినప్పుడల్లా మా ఇంట్లో చాయ్ తాగి పోతుంది. మా అమ్మాయికి ఆమె స్కూటీ అంటే ప్రాణం.

"సిస్టర్, నేను సిస్టర్నైతే స్కూటీ ఇస్తరా?"

"ఇస్తరు. పంచరైతే నువ్వే తోసుకపోవాలె. మొన్న నేను వానల రెండు కిలోమీటర్లు తోసిన."

మా అమ్మాయి ఆమె పక్కకు జరిగింది. "మరి నువ్వు సిస్టర్ల కాడికి పోయిననాడు మీ అమ్మ ఏడ్సిందా?"

నేను పొయ్యి దగ్గరే ఆగిపోయాను.

"ఏడ్సింది. నేను సుత ఏడ్సిన. మా ఇద్దర్ని జూసి బస్సు కండక్టర్ పరేషానై టికెట్ ఇచ్చుడు మర్సిండు." సిస్టర్ నవ్వి నా వైపు తిరిగింది. "మా బాపు ఒక్కటే మాట అన్నడు. మనసున పట్టకుంటే వాపస్ రా బిడ్డా, ఎవ్వరేమన్నా నేను జూసుకుంట అని. గా మాట మీదనే పోయిన. ఇరవై ఏండ్లాయె, వాపస్ రాబుద్ధి కాలే."

"మీకు ధైర్యం ఎక్కువ" అన్నాను.

"నీకేం తక్కువ? పదో క్లాసు కాంగనే కాలేజీ హాస్టల్ల ఏసి వస్తరు, దానికి ఫికర్ చెయ్యరు. మేం పిల్లల్ని గుంజుకపోతమా? ఏండ్లకేండ్లు సూస్తం, అడుగుతం, ఇష్టం లేకుంటే ఇంటికి పంపుతం. గీ పిల్లను ముందుగాల ఎక్కాలు నేర్సుకోనియ్యి."

ఆమె వెళ్లాక ఆ వానలో తోసిన స్కూటీయే నా కళ్ల ముందు మెదిలింది. అంత కష్టం చెబుతూ కూడా ఆమె ముఖంలో దిగులు లేదు. నా బిడ్డ ఏమైనా సరే అలా నవ్వగలిగితే నాకింకేం కావాలి? అయినా భయం పోలేదు.

శనివారం సాయంత్రం జపమాల అయ్యాక నోట్‌బుక్కు ముందు కూర్చున్నాను. పెన్ను మూత తీసి, మా అమ్మాయిని పిలిచాను.

"నీ పేరు రాయనా?"

ఎగురుతుందనుకున్నాను. ఎగరలేదు. వేలు చప్పరిస్తూ సిలువ వైపు చూసింది.

"రాయి. గని పెన్సిల్‌తోని రాయి. నేనింకా ఏం అనుకోలే, సోంచాయిస్తున్న."

మా ఆయన పకపకా నవ్వాడు. అత్తమ్మ దాని కంపాస్ బాక్సులోంచి రబ్బరు తీసి కొంగుకు ముడేసుకుంది. "ఇది నా దగ్గర ఉంటది" అంది.

పెన్సిల్‌తో రాశాను. నోట్‌బుక్కు మొత్తంలో తన బిడ్డ పేరు తానే రాసిన మొదటి తల్లిని నేనే. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

సిలువ, నోట్‌బుక్కు పట్టుకుని నలుగురం పక్కింటికి వెళ్లాం. పెన్సిల్ ఇంకా నా చేతిలోనే ఉంది. గంట కొట్టే పిలగాని వాళ్లమ్మ సిలువను కళ్లకద్దుకుని లోపల పెట్టి, నాలాగే ముందు నోట్‌బుక్కు తెరిచింది. తన కొడుకు పేరు కోసం వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. మా పేజీ చూసి తలెత్తింది.

"గిదేందక్కా, నీ బిడ్డ పేరు నువ్వే రాస్కున్నవ్?"

"అవును. పెన్సిల్‌తోనే."

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు తలుపు వెనక నుంచి మమ్మల్నే చూస్తున్నాడు. ఆమె నా వైపు చెయ్యి చాపింది.

"గా పెన్సిల్ సుత ఇచ్చిపో అక్కా."