కాంటా మీదికి నడిచొచ్చిన కారు

2023 నవంబరు 9, గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా మరిది కారును ఇనుప సామానుకు అమ్ముదామన్నాడు. కొడకండ్లలో మా మామగారి ఆస్తి పంపకం జరుగుతోంది. పొలాలు, ఇల్లు, ట్రాక్టరు తేలిపోయాయి. పత్తి కొట్టంలో ఉన్న కారు ఒక్కటే మిగిలింది. 1958లో విదేశంలో తయారైన స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, మడిచే గుడ్డ కప్పు, పొడవాటి ముక్కు. మా మామగారు హైదరాబాదులో కొన్నారు. నా ఇరవై రెండో ఏట మా వారు నాకు డ్రైవింగ్ నేర్పింది అందులోనే. ఆయన పోయి తొమ్మిదేళ్లు. కారు కదిలి ముప్పై రెండేళ్లు.

"కాంటా పెడదాం, ఎంతొస్తె గంత. చెరి సగం," అన్నాడు మరిది.

"నాకు గావాలె," అన్నాను.

"ఏం జేస్తవ్ వదినె? కోళ్లను పండవెడ్తవా?"

కూర్చున్న వాళ్లందరూ నవ్వారు. పంపకానికి వచ్చిన పెద్దమనుషులు మాత్రం ఒక తీర్పు చెప్పారు. ఉగాది లోపల కారు తనంతట తాను జనగామలో లారీలు తూచే ధర్మకాంటా దాకా రావాలి. తాడు కట్టకూడదు, తొయ్యకూడదు. వస్తే నాది. రాకపోతే అదే కాంటా మీద తూకం. కాగితం రాశారు, నేను సంతకం పెట్టాను. అప్పటికి నాకు డెబ్బై ఒకటి.

"నూట యాభై ఒక్క రోజులు," అన్నాను.

"నూట యాభయ్యే. ఆఖరు రోజు అమాస. అమాస నాడు బండి ఎవడు దీస్తడు?" అన్నాడు మరిది.

నేను పుస్తకంలో నూట యాభై ఒకటి అనే రాసుకున్నాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఉన్న రోజును లేదనడం నాకు రాదు.

కొట్టంలోకి వెళ్లి చూస్తే కారు సగమే ఉంది. మా ఇంట్లో అడిగిన వాళ్లకు లేదనే అలవాటు లేదు. ముందు చక్రాలు రెండూ ఒక ఎడ్లబండికి పోయాయి. హారను పెళ్లి బ్యాండు వాళ్లు తీసుకున్నారు. ఎవరికి ఏది ఎప్పుడు ఇచ్చామో నా పాత డైరీల్లో ఉంది కనుక వెతకడం కష్టం కాలేదు, అడగడమే కష్టమైంది. ఎడమ సీటు భూపాలపల్లి వైపు ఘనపూర్‌లో దొరికింది. మా వారు అక్కడ ఉద్యోగం చేసినప్పుడు ఒక మంగలికి ఇచ్చారు. నేను వెళ్లేసరికి ఒకాయన అందులోనే కూర్చుని సగం గడ్డం గీయించుకుని ఉన్నాడు.

"కుర్చీ కోసం వచ్చిన," అన్నాను.

"జర ఆగు అవ్వా," అన్నాడు మంగలి. "సగమే గీకిన. మనిషిని గూడ ఎత్తుకపోతవా ఏంది?"

నేను తీసుకువెళ్లిన కొత్త కుర్చీని అతను మూడుసార్లు ఎక్కి దిగి చూశాడు. నచ్చాకే పాతది ఇచ్చాడు.

పని చేసింది కేసముద్రం ట్రాక్టరు మెకానిక్కు. వారానికి రెండు రోజులు కొడకండ్ల వచ్చేవాడు. పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. కిరసనాయిలు, నూనె కలిపి పోసి పదకొండు రోజులు నానబెట్టాం. పన్నెండో రోజు ఇంజను ఒక చుట్టు తిరిగింది. ఇద్దరం గట్టిగా అరిచాం. అయితే ఉన్నది ఉన్నట్టు నిలబెడితే చాలదని అతని మాట.

"ఉరుకుడు కాదు అవ్వా, ఆగుడు ముఖ్యం," అన్నాడు. పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేశాడు. రేడియేటరుకు కరెంటు ఫ్యాను పెట్టాడు. ప్లగ్గులకు నిప్పురవ్వ సరిగా అందాలని పాత ప్లాటినం పాయింట్లు తీసి, కొత్త ఎలక్ట్రానిక్ పెట్టె బిగించాడు.

ఏప్రిల్ 7, ఆదివారం బయలుదేరాలనుకున్నాం. అతను అన్నానికి వెళ్లినప్పుడు నేను బ్యాటరీ చూశాను. మైనస్ తీగ బాడీకి కట్టి ఉంది. నా డైరీలో, మా వారు చెప్పగా నేనే రాసుకున్న మాట: ఈ కారుకు ప్లస్ తీగ బాడీకి కట్టాలి. అతను మరిచాడనుకుని తీగలు మార్చి కట్టాను. తాళం తిప్పాను. కాలిన రబ్బరు వాసన వచ్చింది. కొత్త పెట్టె మాడిపోయింది. దానికోసమే అతను తీగలు మార్చాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"నన్నడగకపోతివి," అన్నాడు, అంతే.

"నాదే తప్పు. గిప్పుడు ఎట్ల?"

కొత్త పెట్టె హైదరాబాదు నుంచి రావాలి, మూడు రోజులు. మాకున్నది ఒక్క రోజు. అతను తీసేసిన పాత పాయింట్లు నూనెగుడ్డలో చుట్టి పెట్టాడు. ప్లస్ ఎటున్నా వాటికి పట్టింపు లేదు. సోమవారం పొద్దున వాటిని ఆకురాయితో రుద్దాడు.

"మధ్యల సందు ఎంతుండాలె?" అన్నాను.

"పోస్టుకార్డు మందం."

"అంగుళంల వెయ్యింట పదిహేను వంతులు."

"గా పోస్టుకార్డు గంతే ఉంటది అవ్వా. కావాలంటె కొలుసుకో."

కొలిచాను. అంతే ఉంది.

మూడోసారికి ఇంజను అందుకుంది. అమావాస్య నాడు మొదటిసారి రోడ్డెక్కించడమా అని అతను ఒకసారి నావైపు చూశాడు, తర్వాత తానే కొబ్బరికాయ కొట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. నడిపింది నేను. కొడకండ్లలో పదకొండు పదికి బయలుదేరాం. దారిలో రెండుసార్లు ఆపాం, రెండూ నీళ్లకే. పత్తి లారీ ఒకటి ఉన్నట్టుండి ఆగింది. నా కారు దాని వెనక రెండు గజాల దూరంలో గీత గీసినట్టు ఆగింది. "నేను చెప్పలే?" అన్నాడు మెకానిక్కు. ఒంటిగంటకు ఎనిమిది నిమిషాల ముందు కారు జనగామ ధర్మకాంటా మీదికి ఎక్కింది.

మరిది ఇనుప వ్యాపారితో, పెద్దమనుషులతో అక్కడే ఉన్నాడు.

"దిగు వదినె. నిన్ను గూడ తూకంల కలుపుతరు."

"కలుపుమను. ఎంతో రాసుకుంట."

కాంటా చీటీలో తొమ్మిది వందల డెబ్బై కిలోలు వచ్చింది, మా ఇద్దరితో కలిపి. చీటీ తీసుకుని, గేరు వేసి, కాంటా దిగి బజారులోకి నడిపాను. పెద్దమనుషుల్లో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇనుప వ్యాపారి కూడా కొట్టాడు. కారు నాదైంది.

పోయినవి: కుడిచేతి చూపుడు వేలి గోరు ఒకటి. పాత బ్రేకు డ్రమ్ములు రెండు. నా చేతిలో మాడిన పెట్టె ఒకటి. మామగారి నాటి ముదురాకుపచ్చ రంగు, అంతా. హారను, దొరకనే లేదు. మరిది ఇంటి నుంచి భోజనానికి పిలుపు రాని పండుగలు, ఇప్పటికి ఏడు.