యోనా మిస్త్రీ మాట, నా తర్జుమా

మొన్న మా ఇంటి తలుపులు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి చెక్కకు అవిసె నూనె రాస్తుంటే ఆ ఘాటు వాసన ఇల్లంతా పరుచుకుంది. కోడలు కిటికీలు తెరిచింది. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. రాయపూర్‌లో యోనా మిస్త్రీ చేతులు, చొక్కా, గడ్డం అన్నీ ఇదే వాసన వేసేవి.

స్వాతంత్ర్యం వచ్చి మూడు నాలుగేళ్లయిన రోజులవి. విజయనగరం వైపు నుంచి వచ్చిన మా నాన్న అక్కడ రైల్వేలో ఫిట్టరు. మెట్రిక్ పాసై ఖాళీగా ఉన్న నన్ను ఒక వడ్రంగం బడిలో దుబాసీగా పెట్టుకున్నారు. పని నేర్పే యోనా అమెరికావాడు, ఆమిష్ అనే క్రైస్తవ శాఖలో పెరిగినవాడు. వాళ్లు మోటారు కార్లు కొనరట, గుర్రబ్బండ్లే తోలుకుంటారట. ఇళ్లకు కరెంటు కూడా పెట్టించుకోరట. ఆయన మీసం తీసేసి గడ్డం మాత్రం పెంచేవాడు. "సాహెబ్" అంటే పలికేవాడు కాదు, "మిస్త్రీ" అంటే వెంటనే తిరిగి చూసేవాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను హిందీలో అందరికీ చెప్పేవాణ్ణి.

ఒక ఉదయం పనికి ఆలస్యమై, గోల్‌బజార్ మలుపులో సైకిల్ మీద అడ్డంగా దూసుకుపోయాను. వెనక గుర్రం సకిలింపు, ఒక ఆడమనిషి కేక వినబడ్డాయి. నేను ఆగలేదు. మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. గుర్రం బెదిరి, టాంగా చక్రం కూరలమ్మే ఫూల్‌బాయి కాలి మీదుగా పోయింది. టాంగా తోలే కరీమ్‌ను ఠాణాలో పెట్టారు. ఆ టాంగాలో వెనక కూర్చున్నది మా యోనాయే.

"చూసింది చెప్పాలి, నువ్వూ రా," అని ఆయన నన్ను ఠాణాకు తీసుకెళ్లాడు.

"ఒక సైకిల్ అడ్డం వచ్చింది, గుర్రం బెదిరింది. తోలేవాడి తప్పు లేదు. సైకిలువాడి వీపు చూశాను గానీ ముఖం చూడలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

"క్యా బోల్ రహా హై?" ఏమంటున్నాడని అడుగుతూ ఠాణా అధికారి దారోగా నా వైపు తిరిగాడు.

రైల్వేలో గుమాస్తా పనికి అప్పుడే దరఖాస్తు పెట్టుకున్నాను. పోలీసు కేసంటే అది చేజారినట్టే. "గుర్రం బెదిరిందట. ఎందుకో చూడలేదట," అన్నాను హిందీలో.

"అంటే వీడు చెప్పే సైకిల్ కథ అబద్ధమే," అన్నాడు దారోగా, కటకటాల వెనకున్న కరీమ్‌ను చూపిస్తూ. ఆ మాటల్లో యోనాకు అర్థమైంది "సైకిల్" ఒక్కటే. తన సంగతి చేరిందనుకుని తృప్తిగా తలూపాడు.

ప్రమాణం చేసి చెప్పమన్నాడు దారోగా. యోనా ఒప్పుకోలేదు. "మావాళ్లు ఒట్టు పెట్టుకోరు. ఒట్టు పెట్టినప్పుడే నిజం చెబితే, మిగతా రోజుల్లో నేను చెప్పేదేమిటి?" అన్నాడు. ఆ మాట మాత్రం పొల్లుపోకుండా హిందీలోకి మార్చాను. మార్చానే గానీ తల ఎత్తలేకపోయాను.

బయటికొచ్చాక ఆయన నా భుజం మీద చేయి వేశాడు. "నువ్వు లేకపోతే నా మాట వాళ్లకు చేరేదే కాదు."

ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. "ఏటయ్యిందిరా? ఒంట్లో బాగోలేదేటి?" అంది అమ్మ. ఏమీ లేదన్నాను. అది ఆ రోజు నా రెండో అబద్ధం.

పొద్దున్నే వెళ్లేసరికి యోనా ఫూల్‌బాయికి చంకకర్రలు చేస్తున్నాడు. "మిస్త్రీ, ఆ సైకిల్ నాదే. మీ మాట నేను వాళ్లకు చెప్పలేదు," అన్నాను.

చిత్రిక పడుతున్న చేయి ఆగింది. ఆయన ముఖం ఎర్రబడింది. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. "నా నోట అబద్ధం పెట్టావు," అన్నాడు. చిత్రిక పక్కన పెట్టి, "కరీమ్ ఇంకా లోపలే ఉన్నాడా?" అని అడిగాడు.

"ఉన్నాడు."

"మరి ఇక్కడెందుకు నిలబడ్డావు? పద."

దారోగా నన్ను నానా మాటలూ అని, వాంగ్మూలం రాసుకుని, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, గట్టిగా హెచ్చరించి పంపేశాడు. కరీమ్‌ను మాత్రం వెంటనే వదిలాడు. అతను నా వంక చూడను కూడా లేదు. సరాసరి ఠాణా ముందు కట్టేసి ఉన్న గుర్రం దగ్గరికి పోయి దాని మెడకు ముఖం ఆనించాడు. అది చూశాక నాకు ఊపిరాడింది.

అక్కణ్ణుంచి ఆస్పత్రికి వెళ్లాం. ఫూల్‌బాయి తిట్టలేదు. "మోర్ గోడ్ టూట్ గే, టుకనీ లా కోన్ బోహీ?" అంది. కాలు విరిగింది, ఇక తన బుట్ట ఎవరు మోస్తారని ఆమె దిగులు. నేను మోస్తానన్నాను. ఆమె కాలు అతుక్కునేదాకా రోజూ వంకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు చేర్చాను. రైల్వే కాలనీలో నవ్వారు. "నవ్వితే నవ్వనీ. నీకు అన్నం సయించతంది, నాకదే సాలు," అంది అమ్మ.

రైల్వే ఉద్యోగం రాలేదు. అయితే దానికి కారణం కేసు కాదు, లెక్కల పరీక్షలో తప్పాను. తెలిశాక నాలో నేనే నవ్వుకున్నాను.

మరుసటి ఏడు యోనా తన దేశానికి వెళ్లిపోతుంటే, నన్ను క్షమించారా అని అడిగాను. "ఆ ఉదయమే క్షమించాను. నీకు చెప్పలేదా?" అన్నాడు ఆశ్చర్యంగా.

తర్వాత నాకు కోర్టు కచేరీలో దుబాసీ ఉద్యోగమే దొరికింది. ఎందరో నిరక్షరాస్యుల మాటలు నా నోటి మీదుగా కాగితం ఎక్కాయి. రాసింది ప్రతిసారీ వాళ్ల భాషలో తిరిగి చదివి, "మీరు చెప్పింది ఇదేనా?" అని అడిగేవాణ్ణి. పనికి ఆలస్యమవుతోందని పైవాళ్లు విసుక్కునేవారు. ఎదుటి మనిషి "అవును బాబూ, ఇదే" అనేదాకా వేలిముద్రకు సిరా ముందుకు జరిపేవాణ్ణి కాదు.