దాలమ్మ పట్టిన పొగ

గోల్‌మురి తెలుగు బస్తీలో పసిపిల్లలకు నీళ్లు పోసే దాలమ్మను ఏటి అవతల గమ్హరియాలో మొక్కల పనికి పిలిచారంటే జనం నవ్వారు. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఒళ్లు రుద్దడం తప్ప ఆమెకు వేరే విద్య లేదు. పనికి పిలిచిన సీతారామరావుకు కావలసింది ఆ చేతులే.

1986లో అక్కడొక నూనెల కంపెనీ చిన్న ల్యాబు పెట్టింది. జొజోబా అనే ఎడారి పొద గింజల నూనె యంత్రాలకు పనికొస్తుంది. విత్తనం వేస్తే సగం మగమొక్కలు వస్తాయి, వాటికి కాయ ఉండదు. అందుకని ల్యాబు నడిపే సీతారామరావు మంచి ఆడమొక్క చిగుళ్లు కోసి, పంచదార, లవణాలు కలిపిన జెల్లీ మీద సీసాల్లో పెంచి, ఒక్కదాన్ని వందలు చేస్తున్నాడు.

“మా ఇళ్లల్లో ఆడగుంట పుడితే మొకం తిప్పుకుంతారు బాబూ. మీరేటి, ఆడదే కావాలంతన్నారు?” అంది దాలమ్మ మొదటిరోజే.

సీసాలో పెరిగిన మొక్కకు బయటి గాలి పడదు. వేళ్లకంటిన జెల్లీ కడిగి, ఇసుకమట్టిలో నాటి, పాలిథిన్ గుడారం కింద ఉంచి, అంచు కొంచెం కొంచెంగా ఎత్తుతూ గాలి అలవాటు చేయాలి. అది దాలమ్మ పని. ఆమె రాకముందే రెండు విడతలు చచ్చాయి.

“ఈ విడత బతికితే నిన్ను పర్మనెంట్ చేయిస్తాను,” అన్నాడు సీతారామరావు.

భర్త పోయాక మరిది పంచన ఉంటోంది దాలమ్మ. తోడికోడలు సన్యాసమ్మ అన్నం వడ్డించదు, విదిలిస్తుంది. పర్మనెంట్ అయితే వేరే గది తీసుకోవచ్చు.

శ్రావణంలో ముసురు పట్టింది. మొక్కల మొదళ్లలో తెల్లగా బూజు లేచింది. సీతారామరావు మందు కోసం కలకత్తా వెళ్లాడు. ఆయన వచ్చేదాకా దాలమ్మ ఆగలేకపోయింది. పక్క వరండాలో వాచ్‌మన్ కూర్మారావు బొగ్గుల కుంపటి మీద వండుకుంటున్నాడు.

“అన్నియ్యా, రెండు నిప్పులియ్యి.”

“ఏటికి?”

“పిల్లలకి పొగెయ్యాల. సెమ్మకి జలుబు సేసినాది.”

“ఓలమ్మ! సెట్టుకి జలుబేటే? నీకు బుర్ర తిరిగినాదా?” అంటూనే నిప్పులు తీసి పెంకులో వేశాడు.

గుడారం నిండా సాంబ్రాణి పొగ పట్టి, అంచులు గట్టిగా మూసింది. మర్నాడూ పట్టింది. బూజు తగ్గినట్టే కనిపించింది. ఆ తర్వాత ఆకులు పసుపుబారి, ముట్టుకుంటే రాలిపోయాయి.

సీతారామరావు తిరిగొచ్చి పాలిథిన్ ఎత్తగానే పొగవాసన కొట్టింది. తిన్నగా వరండాలో కూర్మారావు దగ్గరికి నడిచాడు.

“ఇక్కడ కుంపటి పెట్టొద్దని చెప్పానా? పొగలో ఉండే వాయువు తగిలితే లేత ఆకు నిలవదు. అంతా పోయింది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

కూర్మారావు దాలమ్మ వైపు చూడలేదు. “తప్పయిపోనాది బాబూ,” అన్నాడు.

అతనికి నలుగురు పిల్లలు. ఇద్దరికి నీళ్లు పోసింది దాలమ్మే.

“అన్నియ్య కాదు బాబూ. నానేసినాను పొగ. సాంబ్రాణి.”

“నిప్పులెక్కడివి?”

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. సీతారామరావు కుంపటి వైపు చూశాడు.

సాయంత్రానికి ఇద్దర్నీ తీసేశారు. టెంపో కోసం రోడ్డు మీద నిలబడ్డారు.

“నానొక్కణ్ణే పోదును,” అన్నాడు కూర్మారావు. “నాకు ఏ షెడ్డులోనైనా కాపలా దొరుకుతాది. నీకెవుడిత్తాడే పర్మనెంటు? నోరు మూసుకోనేకపోనావా?”

“నీ పిల్లలు...”

“ఇప్పుడేటి, ఆళ్లకి కూడు దొరికీసినాదా?”

టెంపోలో ఇద్దరికి చోటుంది. కూర్మారావు ఎక్కలేదు.

సన్యాసమ్మకు ఏమని చెప్పాలో ఖర్కాయి ఏటి వంతెన దాకా దాలమ్మకు తోచలేదు. దాటాక కూడా తోచలేదు.