లార్డును సార్ అన్నందుకు

ఆ వచ్చే పెద్దమనిషిని ఏమని పిలవాలో నాకు ముందురోజే నేర్పారు. కారు తలుపు తీసి, కొంచెం వంగి, ‘గుడ్ మార్నింగ్, మై లార్డ్’ అనాలి. నేర్పినవాడు మా కంపెనీ పీఆర్వో, కోస్తా మనిషి. నేను ఆయన్ను ‘అన్నా’ అనేవాణ్ణి. అది ఆయనకు నచ్చేది కాదు.

తొంభైల నాటి మాట. గల్ఫులో, అల్ ఖువైర్ అనే చోట మా ఆఫీసు, నేను అక్కడ డ్రైవర్ని. వచ్చే అతిథిది బ్రిటన్. తత్వశాస్త్రం చెప్పి చెప్పి ఒక యూనివర్సిటీకి అధిపతి అయ్యాడట. తర్వాత అక్కడి రాజ్యం ఆయన్ను లార్డును చేసి పార్లమెంటు పై సభలో కూర్చోబెట్టిందట. మా యజమాని కాలేజీ ఒకటి పెట్టే ఆలోచనలో ఉండి, సలహా కోసం పిలిపించాడు.

“లార్డ్ అంటే ఏందన్నా?” అన్నాను.

“జమీందారు లాంటివాడనుకోవయ్యా. దొరగారు.”

అక్కడే చెడింది. మా ఊళ్లో దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే మా నాయన చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. ‘నీ బాంచెను దొరా’ అనకుండా ఆయన నోట ఏ మాటా మొదలయ్యేది కాదు. ఇంట్లో పెండ్లి ఉందని చెప్పాలన్నా అంతే, చావు కబురు చెప్పాలన్నా అంతే. ఆ మాట నా నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుని ఊరు దాటినవాణ్ణి. సముద్రం దాటి వచ్చి, అదే మాట ఇంగ్లీషులో అంటానా?

“సార్ అంట. ఆ మాట మాత్రం అనను.”

“అంటే నీ సొమ్మేం పోతుందయ్యా? నోటి మాటే కదా!”

“నోటి మాటే అయితె నీకెందుకన్నా ఇంత పట్టింపు?”

ఆయన ముఖం ఎర్రబడింది. “చూడు, పెద్దాయన ముందు పరువు తీశావంటే వీసా క్యాన్సిల్ చేయించి ఫ్లైట్ ఎక్కించేస్తాను. తర్వాత నా కాళ్లు పట్టుకుని లాభం లేదు.”

ఎక్కించగలడు కూడా. ఊళ్లో ఇంటి గోడలు సగం లేచి ఉన్నాయి, పిల్లలు చదువులో ఉన్నారు. రాత్రి నిద్ర పట్టలేదనడం అబద్ధం. కోపానికి బాగానే పట్టింది.

తెల్లవారి తలుపు తీశాను. “గుడ్ మార్నింగ్, సార్.”

సన్నటి మనిషి, మోచేతుల దగ్గర అరిగిన కోటు. నవ్వి, వెనక తలుపు తీసి ఉండగానే వచ్చి నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. పీఆర్వో ఒక్కడే వెనక లార్డులా మిగిలాడు. సమాయిల్ అనే ఊళ్లో, యజమాని చిన్నాయన ఖర్జూర తోటలో ఆ రోజు భోజనం.

కొంత దూరం పోయాక వెనక నుంచి పీఆర్వో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. “క్షమించాలి మై లార్డ్, మా డ్రైవరు చదువులేనివాడు. మిమ్మల్ని ఏమనాలో చెప్పినా తలకెక్కలేదు.”

ఆయన నా వైపు తిరిగాడు. “మరచిపోయావా, ఇష్టం లేదా?”

నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు, కారు సీట్లలో సాహెబులు వదిలేసిన పేపర్లు చదివి. నా ఇంగ్లీషులో క్రియలు తక్కువ, ధైర్యం ఎక్కువ. ఇష్టం లేదని చెప్పాను. మా నాయన చెప్పుల సంగతీ చెప్పాను.

ఆయన తన సంగతి చెప్పాడు. తండ్రి రైల్వేలో గుమాస్తా. మనిషి ఎవరికి లోబడాలి, ఎందుకు లోబడాలి అన్నదే ఏళ్ల తరబడి ఆయన చెప్పిన పాఠం. తీరా అధిపతి అయ్యాక, ఫీజుల గొడవలో విద్యార్థులు ఆయన గది ముందు బైఠాయించి, మీ పాఠమే మీకు అప్పజెబుతున్నాం అన్నారట.

“మీరేం చేసిన్రు?”

“వాళ్లకు టీ పంపించాను. తర్వాత ఫీజు పెంచాను.”

దాచుకోకుండా చెప్పాడు. అది నాకు నచ్చింది.

“ఈ లార్డు ఓట్లతోటి వచ్చిందా సార్?”

“లేదు.”

“మరెందుకు తీసుకున్నరు?”

“మా ఆవిడా అదే అడిగింది. యూనివర్సిటీల చట్టాలు అక్కడ తయారవుతాయి. బయట నిలబడి అరవడం కన్నా లోపల కూర్చుని వాదించడం మేలనుకున్నాను.”

“మా దొర గూడ గట్లనే అనేటోడు సార్. నేను లేకుంటె ఊరినెవడు చూస్తడని.”

“ఓరి నాయనో, రోడ్డు చూసి నడపవయ్యా!” అని వెనక నుంచి తెలుగులో కేక.

“పోలిక సగమే సరి,” అన్నాడాయన, వేలెత్తి, తరగతిలో చెప్పినట్టు. “మీ దొరకు భూమి ఉంది. నాకు కుర్చీ తప్ప ఏమీ లేదు, నా కొడుక్కి అదీ రాదు. సరే, సార్ అని ఎందుకంటున్నావు? అదీ వంగడమే కదా?”

“బడి మొఖం చూడనోన్ని సార్. చదువు చెప్పెటోడు ఎదురైతె సార్ అనాలని చిన్నప్పటి సంది ఆశ. అది నేనిచ్చేది. ఆ రెండోది నా దగ్గర గుంజుకునేది.”

ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నాడో, ఆలోచనలో పడ్డాడో తెలియదు.

తోటలో చాప పరిచి, ఒకే పెద్ద పళ్లెంలో అన్నం పెట్టారు. నన్ను కారు దగ్గరే ఉండమని పీఆర్వో సైగ చేశాడు. తోట గల ఆ ముసలి చిన్నాయనకు ఆ పద్ధతి తెలియదు. ‘తఆల్, తఆల్’, రా రమ్మంటూ చెయ్యి పట్టి తెచ్చి అందరితో కూర్చోబెట్టాడు. కుడి వైపు నుంచి తిరిగే కహ్వా, అదే అరబ్బుల కాఫీ, కప్పు పీఆర్వో కంటే ముందు నాకే వచ్చింది. తాగాను. కప్పు మీదుగా పీఆర్వో నన్ను చూసిన చూపులోనే నా సంగతి తేలిపోయింది.

మరునాడు నా తాళాలు ఒక కేరళ డ్రైవరుకు పోయాయి. నన్ను సిమెంటు లారీ ఎక్కించి, ఎక్కడో సరిహద్దున ఉన్న బురైమికి తోలారు. వీసా జోలికి మాత్రం పోలేదు. నన్ను మెచ్చి కాదు, లారీకి మనిషి కావాలి గనక.

తర్వాత ఆ కేరళ అతను చెప్పాడు. లార్డు నా గురించి అడిగాడట, నిన్నటి డ్రైవరేడీ అని. ఒంట్లో బాగాలేదన్నాడట పీఆర్వో. ‘అయ్యో, పాపం’ అని కారెక్కాడట.

లోపల కూర్చుని వాదిస్తానన్న మనిషి! ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఆ అబద్ధం నిలిచేది కాదు. నాకు కోపం పీఆర్వో మీద కన్నా ఆయన మీదే ఎక్కువ. పీఆర్వోను నేను ఎన్నడూ సార్ అనలేదు.

కొన్నాళ్లకు పీఆర్వో బురైమి సైటుకు వచ్చాడు. ఎండలో నన్ను చూసి జాలి కలిగిందేమో, “తప్పయిందని ఒక్క మాట అను, మళ్లీ ఏసీ కారు ఇప్పిస్తాను,” అన్నాడు.

“తప్పు చేసినోన్ని తోల్కరా అన్నా, అనిపిస్త,” అన్నాను.

కంపెనీ వదిలేదాకా లారీయే నడిపాను.