నేను తుడిచేసిన ఓవర్సీరు ఉత్తర్వు

అక్షరం ముక్క రానివాడికి పలకల కార్ఖానాలో పని దొరికే కాలం ఒకటి ఉండేది. ఇంకా తెల్లదొరల రాజ్యమే నడుస్తున్న ఆ రోజుల్లో, మార్కాపురంలో మేము చేసి పంపిన పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దుకునేవారు. మేము మాత్రం వేలిముద్రతోనే కాలం గడిపాం. అందులో మాకేమీ వింత కనిపించేది కాదు. నాకప్పటికి ఇరవై దాటి, పెళ్ళి కూడా అయింది. పలకలను తడిగుడ్డతో తుడిచి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దడం నా పని. చిన్న గీత కనిపించినా తుడవాలి. తుడవడంలో నన్ను మించినవాడు లేడని యజమాని నలుగురిలో అనేవాడు (నేనూ నమ్మాను).

ఉన్న జాగా చాలక యజమాని రోడ్డు వైపుకు షెడ్డు పొడిగించాలనుకున్నాడు. అది వానలకు ముందే లేస్తే నాకు ఏడాది పొడవునా పని. లేవకపోతే పామూరు దగ్గర మామగారి ఊరికి పోయి ఆయన మేకల వెంట తిరగాల్సిందే. ఆ మాట ఆయన పెళ్ళిపందిట్లోనే చెప్పాడు, నవ్వకుండా. అందుకని ఆ షెడ్డు గురించి యజమానికి ఎంత దిగులో నాకూ అంతే దిగులు.

చిక్కంతా బయటి గోడ దేనితో కట్టాలన్న దగ్గర వచ్చింది. బోదగడ్డి తడికలు అంటే నిప్పు భయమని పంచాయతీ బోర్డు ఒప్పుకోలేదు. జింకు రేకులు అంటే, మధ్యాహ్నపు ఎండ రేకుల మీద పడి తన వసారాలోకి కొడుతుందని ఎదురింటి పెద్దమ్మ (మాకు చుట్టం కాదు, ఊరందరికీ పెద్దమ్మే) అర్జీ పెట్టించింది. ఇటుకా సున్నమూ అంటే ఖర్చని యజమాని మొహం మాడ్చుకున్నాడు. చివరికి కార్ఖానా వెనక గుట్టలుగా పడి ఉన్న పలకరాతి ముక్కలతోనే కడతానన్నాడు. దానికీ పెద్దమ్మ అడ్డం తిరిగింది.

"పొద్దున లేస్తానే నల్లగోడ మొగం చూడాల్నా నేను? మీ ఇంటి ముందర కట్టుకోపో నాయనా," అంది.

బోర్డులో సగం మంది ఆమె వైపు, సగం మంది యజమాని వైపు. రోడ్డు పక్కన ఏది కట్టవచ్చో, ఏది కూడదో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పేవారు. నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు. వాళ్ళకు ఎక్కిందన్న నమ్మకమూ లేదు.

తీర్పు చెప్పడానికి సర్కారు కట్టుబడి పనులు చూసే ఓవర్సీరు వచ్చాడు. అటూ ఇటూ నడిచి, పెద్దమ్మ వసారాలో మజ్జిగ తాగి, మా దగ్గరికొచ్చి నమూనా రాయి చూపమన్నాడు. యజమాని ఒక మంచి పలకా, బలపమూ చేతికిచ్చి, గోడ కట్టబోయే రాయి మీదే ఉత్తర్వు రాయమని బతిమాలాడు. అదొక గౌరవమని ఆయన ఊహ. ఓవర్సీరు ఇంగ్లీషులో ఏదో రాసి, సంతకం గీకి, కాగితం తర్వాత పంపుతానని చెప్పి కంభం బండికి పోయాడు. మా కార్ఖానాలో ఇంగ్లీషు చదివేవాడు లేడు. బోర్డు గుమాస్తా చదవాల్సిందే.

మరునాడు ఆ పలకను భద్రంగా బోర్డుకు తెమ్మని నాకు చెప్పి యజమాని ముందు వెళ్ళాడు. ఆయన రాసేటప్పుడు నేను లోపల పెట్టెలు సర్దుతున్నాను, అది ఉత్తర్వని నాకెవరూ చెప్పలేదు. చూద్దును గదా, అంత మంచి రాయి మీద మూడు వరసల గీతలు, కింద పాము మెలిక లాంటిది ఒకటి. పెద్దమనుషుల దగ్గరికి పోయే సరుకు ఇట్లా ఉండవచ్చా? రెండుసార్లు తుడిచాను. కొత్త తువ్వాలులో చుట్టి తీసుకుపోయాను.

ప్రెసిడెంటు విప్పి చూశాడు, తిరగేసి చూశాడు, గుమాస్తాకిచ్చాడు. గుమాస్తా వెలుతురుకు పట్టి చూశాడు. రాయి బాగుందని చెప్పడానికే వట్టి రాయి పంపాడని మావైపు మెంబరు ఒకడు అన్నాడు. ఏమీ రాయలేదంటే ఏదీ కట్టవద్దనేనని అటువైపువాడు అన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. నేను తలుపు దగ్గర మెప్పు కోసం నిలబడి ఉన్నాను.

చివరికి ప్రెసిడెంటు నావైపు తిరిగి, "ఏమబ్బీ, దీని మీద రాత ఉండె గదా?" అన్నాడు.

"ఉండె సామీ. నేనే శుభ్రంగా తుడిచినా."

యజమాని లేచి గుమాస్తా చేతిలోంచి పలక తీసుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా, "నువ్వు తుడిచింది పలక కాదురా, నీ కూడు," అన్నాడు.

అదే రోజు బండెక్కి కంభం పోయి, చెరువు కట్ట మీద ఓవర్సీరును పట్టుకున్నాను. జరిగింది విని ఆయన నన్నే అడిగాడు, "నేనేమి రాస్తిని?"

"మూడు వరసలు సారూ. కింద ఒక పాము."

ఆ వారంలో ఆయన ఎన్ని ఊళ్ళ తగాదాలు చూశాడో, అన్నీ కలిసిపోయాయి. మీది రేకుల తగాదానా అన్నాడు. నల్లగోడ సారూ అన్నాను. మజ్జిగ ఇచ్చినామె ఏ పక్క అన్నాడు. ఎదురు పక్క అన్నాను. నుదురు రుద్దుకుని, ఈసారి కాగితం మీదే రాసి, నాకు తెలుగులో చెప్పాడు: నడుమెత్తు దాకా పలకరాయి, ఆపైన ఇటుక కట్టి తెల్లసున్నం. ఆ కాగితాన్ని పట్టుకున్న చేత్తో దారి పొడవునా చెమట కూడా తుడుచుకోలేదు.

షెడ్డు వానలకు ముందే లేచింది, నడుము దాకా బురదలో దిగిన మనిషిలాగా. మేకలు తప్పాయి. గోడ మాత్రం ఎవరికీ నచ్చలేదు. మొదటి ఉత్తర్వు పూర్తిగా తన పక్షమేనని యజమాని, కాదు తనదేనని పెద్దమ్మ బతికినంతకాలం చెప్పుకున్నారు. యజమాని మంచాన పడ్డప్పుడు నన్ను పిలిచి, నిజం చెప్పమన్నాడు. నీ పక్కనే రాసినాడయ్యా అన్నాను. రెండేళ్ళకు పెద్దమ్మ కూడా మంచాన పడి నన్ను పిలిపించింది.

"చివరిగా చూసింది నువ్వే గదా. నాకే రాసింటాడు గదా నాయనా?"

"నీకే పెద్దమ్మా," అన్నాను. ఆమె నెమ్మదిగా కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాతే, జుట్టు నెరిశాక, కూతురి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఆలస్యమైందని అందరూ అంటారు. కానీ ఇద్దరికీ అంత ధైర్యంగా సాక్ష్యం చెప్పడం, చదవడం వచ్చిన మనిషి వల్ల అయ్యేది కాదు.